మాస్కు కడగడానికి గ్యాసు పెట్టె ఎందుకు?



ఈసారి నారు గురించీ కాదు, కాలువ నీళ్ల గురించీ కాదు. రాత్రిపూట ముక్కుకు తగిలించుకుని పడుకునే గాలి మిషన్ గురించి. సీపాప్ అంటారు దాన్ని. "మన పల్లెల్లో ఇవి ఎవరు వాడుతరు" అనుకోకండి. ఐదేళ్ల కింద నాకు పెట్టినప్పుడు మా ఊళ్లో నేనొక్కణ్ణే. ఇప్పుడు చుట్టుపక్కల నాకు తెలిసినవాళ్లే ఆరుగురు ఉన్నరు. అందులో ఇద్దరు మిర్యాలగూడ రైసుమిల్లుల్లో పనిచేసినోళ్లు, ఒకాయన కోదాడ దగ్గర లారీ నడిపేటాయన. ఈ మధ్య వీళ్లలో ముగ్గురు నన్ను ఒకటే మాట అడిగారు. మిషన్ శుభ్రం చేసే ఓజోన్ పెట్టె కొనమంటవా, వద్దంటవా అని. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకన్నా ఇక్కడ రాస్తే అందరికీ పనికొస్తది.

తెలియనివాళ్ల కోసం ముందు రెండు మాటలు. గురక చాలామంది పెడతారు. కొందరికి మాత్రం గురక మధ్యలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోతది. పది సెకన్లు, ఇరవై సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఉలిక్కిపడి మళ్లీ పీలుస్తరు. పొద్దున లేస్తే అదేదీ గుర్తుండదు, తల మాత్రం దిమ్ముగా ఉంటది. నా పరీక్షలో గంటకు 38 సార్లు ఆగినట్టు వచ్చింది. రాత్రంతా ఇట్లా అయితే పగలు కూర్చున్న చోటే కునుకు. స్టీరింగ్ పట్టుకున్నోడికి ఆ కునుకు ఏం చేస్తదో 65వ నంబరు హైవే పక్కన బతికే మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. బీపీ, గుండె జబ్బు సంగతి సరేసరి.

సీపాప్ చేసే పని చాలా చిన్నది. గదిలో గాలినే కొంచెం ఒత్తిడితో ముక్కులోకి పంపి, గొంతు మూసుకుపోకుండా నిలబెడతది. మందు లేదు, ఆక్సిజన్ సిలిండర్ లేదు. ఆస్ట్రేలియాలో సిడ్నీ డాక్టరు కాలిన్ సల్లివాన్ 1980లో మొదటిసారి ఒక రోగికి ఇట్లా గాలి పెట్టి నిద్రపుచ్చి, 1981లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. అప్పట్లో ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ మోటారు లాంటిది పెట్టి నడిపించారట. మన దగ్గర పాత ఇంజన్‌తో పంపు తయారు చేసుకున్నట్టే.

గాలే వైద్యం అయినప్పుడు ఆ గాలి నడిచే దారి శుభ్రంగా ఉండాలి. అందులో అనుమానం లేదు. మాస్కుకు ముఖం జిడ్డు, చెమట, ఉమ్మి అంటుకుంటయి. గాలికి తడి ఇవ్వడానికి మిషన్‌కు చిన్న నీళ్ల డబ్బా ఉంటది. దాంట్లో నీళ్లు నిలవ ఉంచితే కుండ అడుగున పట్టినట్టు పాకుడు పడుతది. ఆ భయం మీదనే ఈ ఓజోన్ పెట్టెల వ్యాపారం నడుస్తుంది. మాస్కు, గొట్టం తెచ్చి పెట్టెలో పెట్టు, మూత వెయ్యి, బటన్ నొక్కు, నీళ్లు వద్దు, సబ్బు వద్దు, సూక్ష్మజీవులన్నీ చస్తయి అని చెప్తరు. కొన్ని కంపెనీలు ఓజోన్ అనే మాట కూడా రాయవు, "యాక్టివేటెడ్ ఆక్సిజన్" అని రాస్తయి. ఆక్సిజన్ అంటే ఎవరు భయపడతరు?

మా అల్లుడు డల్లాస్‌లో ఉంటడు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు నా కోసం అలాంటి పెట్టె ఒకటి తెచ్చిండు. మన లెక్కలో పాతిక వేల పైమాటే. "మామయ్యా, ఇక మీరు రోజూ కడుక్కునే పని లేదు" అన్నడు. పిల్లాడి ప్రేమకు వంక పెట్టలేం. కానీ దాన్ని నేను వాడలేదు. ఆ ఓజోన్ అనే మాట నాకు ముందే తెలుసు, మన నీళ్ల ప్లాంటుల నుంచి.

ఉమ్మడి నల్గొండ జిల్లా ఫ్లోరైడ్ నీళ్ల కథ మీకు కొత్త కాదు. ఆ కష్టం వల్లనే మన ఊళ్లల్లో వాటర్ ప్లాంట్లు ఇన్ని వచ్చినయి. సీసాల్లో నింపి అమ్మే ప్లాంటుల్లో చివర్న నీళ్లలోకి ఓజోన్ వదులుతరు. సీసా మీద లేబుల్ చదివితే కనపడుతది. మా ఊరి కుర్రాడొకడు అట్లాంటి ప్లాంటులో పనిచేసిండు. అక్కడి పెద్దాయన మొదటి రోజే చెప్పిండట, "వాసన ఘాటుగా వస్తే మిషన్ కట్టేసి ముందు బయటికి రా" అని. నీళ్లను బాగుచేసే గ్యాసే, మనిషి మాత్రం పీల్చొద్దు.

ఓజోన్ వాసన మీ అందరికీ తెలిసిందే. పిడుగు పడ్డ తర్వాత వచ్చే వాసన, వెల్డింగ్ షాపు దగ్గర, పాత జిరాక్స్ మిషన్ దగ్గర వచ్చే వాసన. మామూలు ఆక్సిజన్‌లో రెండు పరమాణువులు జంటగా ఉంటయి. ఓజోన్‌లో మూడోది వచ్చి చేరుతది. ఆ మూడోది ఊరికే ఉండదు, దేన్ని తాకితే దాన్ని కాలుస్తది. అందుకే సూక్ష్మజీవిని చంపుతది. మన ఊపిరితిత్తుల లోపలి పొర కూడా దానికి అట్లాంటిదే. ఎండకు ట్రాక్టర్ టైరు పక్కలు పగుళ్లు పడతయి చూడండి, దాంట్లో ఎండతో పాటు గాలిలో ఉండే కాస్త ఓజోన్ చేయి కూడా ఉంది.

అమెరికాలో మందులు, వైద్య పరికరాల మీద పెత్తనం చేసే ఎఫ్‌డీఏ 2020 ఫిబ్రవరిలో ఈ పెట్టెల మీద హెచ్చరిక ఇచ్చింది. ఓజోన్‌తో గానీ, యూవీ వెలుగుతో గానీ సీపాప్ శుభ్రం చేసే మిషన్లలో ఒక్కదానికి కూడా తాము అప్పటికి అనుమతి ఇవ్వలేదని చెప్పింది. కొన్ని పెట్టెల చుట్టూ గాలిని పరీక్ష చేస్తే, గొట్టం అతుకుల దగ్గర ఓజోన్ బయటికి కారుతుందని, మనిషి పీల్చదగిన హద్దు దాటుతుందని తేలింది. వాడినవాళ్ల నుంచి దగ్గు, ఊపిరాడకపోవడం, ముక్కు మంట, తలనొప్పి, ఆస్తమా లేవడం లాంటి ఫిర్యాదులు కూడా వచ్చినయి. ఇంట్లో వాడే పరికరం వల్ల గదిలో చేరే ఓజోన్‌కు వాళ్లు పెట్టిన హద్దు ఎంతంటే, రెండు కోట్ల పాళ్ల గాలిలో ఒక్క పాలు. సూక్ష్మజీవిని చంపాలంటే దానికి ఎన్నో రెట్లు ఎక్కువ ఉండాలి. అంటే చంపే మోతాదు ఉంటే మనిషికి చేటు, మనిషికి చేటు లేని మోతాదైతే సూక్ష్మజీవి చావదు.

ఇది మనకు తెలియని లెక్క కాదు. గోదాములో ధాన్యానికి పురుగు పడితే సెల్ఫాస్ బిళ్లలు పెట్టి, తార్పాలిన్ కప్పి, రోజుల తరబడి మూసి ఉంచుతరు. తీసినంక గాలి ఆడనిచ్చి గానీ లోపలికి పోరు. పురుగు చచ్చింది కదా అని ఆ వెంటనే పోయి బస్తాల మీద పడుకునేవాడు ఉన్నడా? ఈ పెట్టెతో జరిగేది మాత్రం దాదాపు అదే. చిన్న గది, తలుపులు మూసి ఏసీ వేసుకున్నరు, తల పక్కనే పెట్టె, అందులో నుంచి తీసిన గొట్టం నేరుగా ముక్కుకు. సీపాప్ గాలిని బలవంతంగా లోపలికి తోసే మిషన్ అని మరవొద్దు. గొట్టంలో మిగిలిన గ్యాసు చుట్టూ తిరిగి రాదు, సూటిగా ఛాతీలోకే.

ఇంకో సంగతి. గ్యాసు సూక్ష్మజీవిని చంపినా మురికిని కడగదు. వరిలో 2,4-డీ కొట్టిన డబ్బాను కడగకుండా పత్తికి మందు కొడితే ఏమైతదో మీకు చెప్పాలా? పత్తి ఆకు బెండాకు లెక్క సన్నగా చీలికలై పోతది. ఆ డబ్బాలోకి నువ్వు ఎంత మంచి గ్యాసు ఊదినా అడుగున ఉన్న మందు పోతదా? సబ్బు వేసి, నీళ్లు పోసి, రెండు మూడు సార్లు కుదిపి పారబోయాల్సిందే. మాస్కు జిడ్డూ అంతే. ఓజోన్ పెట్టె కంపెనీలే కొన్ని, సబ్బుతో కడగడం మానొద్దని తమ పుస్తకంలో రాస్తయి. మరి పాతిక వేలు ఎందుకు?

మిషన్‌కు కూడా మంచిది కాదు. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ ప్రపంచమంతా లక్షల సంఖ్యలో తన మిషన్లను వెనక్కి పిలిచింది, మీలో కొందరికి గుర్తుండొచ్చు. శబ్దం రాకుండా లోపల పెట్టిన పాలీయురెథేన్ స్పాంజి పొడిపొడిగా రాలి గాలి దారిలోకి వస్తుందని. ఓజోన్‌తో శుభ్రం చేయడం వల్ల ఆ స్పాంజి ఇంకా తొందరగా చెడుతదని ఆ కంపెనీ అన్నది. ఓజోన్ పెట్టెలు చేసే సోక్లీన్ అనే కంపెనీ అది ఒప్పుకోక కోర్టుకు పోయింది. స్పాంజిని చెడగొట్టడంలో ఎండ వేడికి, ఉక్కకు కూడా పాత్ర ఉందన్నరు. ఎవరి తప్పు ఎంతో వాళ్లు తేల్చుకుంటరు. నా బుద్ధికి తోచింది ఏందంటే, మన ఎండాకాలం వేడి ఎట్లాగూ ఉంది, దాని మీద ఇంకో గ్యాసు మనం చేతులారా తోలడం దేనికి?

మా బావమరిది మిర్యాలగూడలో ఉంటడు. ఇరవై ఏళ్లు రైసుమిల్లులో ఊక దుమ్ము పీల్చిన మనిషి, ఆస్తమా ఉంది, దాని మీద ఈ నిద్ర జబ్బు. ఫోనులో ప్రకటన చూసి ఒక చిన్న ఓజోన్ పెట్టె తెప్పించుకున్నడు. పేరూ ఊరూ లేని సరుకు. రెండు వారాల తర్వాత ఫోన్ చేసి, "బావా, తెల్లారుజామున గొంతు గీరుకుపోతుంది, పంపు రెండుసార్లు ఎక్కువ కొట్టాల్సి వస్తుంది, సీపాప్ పడట్లేదేమో, మానేస్తా" అన్నడు. నాకు ఆ చివరి మాటకే గుండె దడ పుట్టింది. పెట్టె సంగతి కాదు, సీపాప్ మానేస్తడట! "మానాల్సింది అది కాదు, ముందు ఆ పెట్టె పక్కన పెట్టి మీ డాక్టరు దగ్గరికి పో" అని చెప్పిన. పోయిండు. ఆ డాక్టరమ్మ కూడా ఓజోన్ ఆపమన్నదట. గొట్టం, మాస్కు కొత్తవి తీసుకున్నడు. ఇప్పుడు పంపు మామూలు లెక్కకు వచ్చింది. ఒక్క మనిషిని చూసి అందరికీ ఇట్లాగే అయితదని నేను అనను. కాలం మారింది, మిల్లు దుమ్ము తగ్గింది, ఏదైనా కారణం కావచ్చు. కానీ మన దగ్గర దుమ్ముతో, పొగతో, పురుగుమందుతో ముందే అలిసిపోయిన ఊపిరితిత్తులు ఎన్ని ఉన్నయో ఆలోచించండి.

నేను ఎట్లా కడుగుతనో చెప్తా, మీ డాక్టరు వేరేగా చెప్తే అదే వినండి. పొద్దున లేవంగనే మాస్కు విడదీసి, గోరువెచ్చని నీళ్లలో చిన్నపిల్లల సబ్బు కొంచెం వేసి వేళ్లతో రుద్ది, సబ్బు పోయేదాకా కడిగి నీడలో ఆరేస్తా. ఎండలో వద్దు, సిలికాన్, ప్లాస్టిక్ బిరుసెక్కుతయి. డబ్బాలో మిగిలిన నీళ్లు రోజూ పారబోయాలి, నిన్నటి నీళ్ల మీద పోయకూడదు. గొట్టం వారానికి ఒకసారి సబ్బునీళ్లు నింపి అటూ ఇటూ ఊపి, దండెం మీద రెండు కొసలు కిందికి వేలాడదీస్తా. లోపల తడి ఉండగా మిషన్‌కు పెట్టను. డెట్టాల్, బ్లీచింగ్, స్పిరిట్ ఏవీ ముట్టనివ్వను. మొత్తం ఐదు నిమిషాల పని. గేదెకు కుడితి కలిపినంత సేపు కూడా పట్టదు.

నీళ్ల దగ్గర మాత్రం మన ప్రాంతంలో జాగ్రత్త కావాలి. బోరు నీళ్లు పోస్తే వారంలో డబ్బాకు తెల్లటి గార పడుతది. మెడికల్ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే నీళ్లు అదే కదా అని ఒకాయన అడిగిండు. అవి బ్యాటరీ కోసం చేసినవి, మనిషి పీల్చడానికి కాదు. పైగా ఆ షాపుల్లో యాసిడ్ క్యాన్లు కూడా అదే వరుసలో ఉంటయి.

మిషన్ వెనక గాలి పీల్చే చోట అగరొత్తి, సాంబ్రాణి, దోమల చక్రం పెట్టొద్దు. అది ఏది పీలిస్తే మీకు అదే ఇస్తది. క్యాన్సర్ మందులు వాడేవాళ్లు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు మాత్రం ఈ సబ్బు కడుగుడు సరిపోతదా లేదా అని తమ డాక్టరును విడిగా అడగాలి.

ఇప్పటికే ఓజోన్ పెట్టె కొన్నవాళ్లు డబ్బులు పోయినయని బాధతో దాన్నే వాడొద్దు. వాడి ఉంటే మాస్కూ గొట్టమూ సబ్బుతో కడిగి, గాలి బాగా ఆడే చోట ఆరబెట్టి, ఆ వాసన పూర్తిగా పోయిందని చూసుకుని అప్పుడు పెట్టుకోండి. దగ్గు, ఆయాసం ఉంటే డాక్టరుకు ఓజోన్ మాట తప్పకుండా చెప్పండి, అడగకపోయినా చెప్పండి.

మా అల్లుడికి ఈ సంగతంతా ఫోనులో చెప్పిన. మొదట కొంచెం చిన్నబోయిండు. తర్వాత తనే ఎఫ్‌డీఏ కాగితం చదివి, "మామయ్యా, ఈసారి వచ్చేటప్పుడు మాస్కు కుషన్లు తెస్తా" అన్నడు. అవి తెస్తే నిజంగా పనికొస్తయి, ఇక్కడ వాటి ధర మండుతుంది.

కోతలు దగ్గర పడ్డయి. హార్వెస్టర్లు దిగి, రోడ్ల మీద వడ్లు ఆరబోసినంక మిషన్ ఫిల్టర్ వారానికే బూడిద రంగుకు తిరుగుతది. నెలకు ఒకటి అనే లెక్క ఆ రోజుల్లో పనిచేయదు. తెల్లటి పలుచని ఫిల్టర్ కడిగి వాడేది కాదు, మార్చాల్సిందే. సూర్యాపేటలో అడిగితే లేదన్నరు, హైదరాబాద్ నుంచి కొరియర్‌లో రావాలి, వారం పడుతది. ఇప్పుడే రెండు ఎక్కువ తెప్పించి పెట్టుకోండి.