నీతులూ పల్లమెరుగు

తమిళనాడు ధర్మపురి జిల్లా ఆలాపురంలో చెరువు బాగుచేసే పనికి 2022 జులైలో భూమిపూజ పెట్టారు. పంతులుగారు, పూజ సామాను, అధికారులు అంతా సిద్ధం. అప్పటి ఎంపీ, డీఎంకే నాయకుడు సెంథిల్‌కుమార్ వచ్చీ రాగానే ప్రజాపనుల శాఖ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరును పట్టుకున్నారు. ప్రభుత్వ కార్యక్రమంలో ఒక్క మతం పూజే ఏమిటి, చర్చి ఫాదరేరీ, ఇమామేరీ, ఏ మతమూ లేని ద్రావిడర్ కళగం వాళ్లేరీ అని నిలదీశారు. పూజ ఆగింది. వీడియో మాత్రం చాలా రోజులు ఫోన్లలో తిరిగింది.

ఎంపీ అన్నదాంట్లో తప్పు లేదు. ప్రభుత్వ కార్యాలయాల్లోంచి దేవుళ్ల పటాలు తీసేయమని తమిళనాడులో 1968లోనే, అన్నాదురై హయాంలో, ఉత్తర్వులు వెళ్లాయి. జనం డబ్బుతో చేసే పనికి ఏ మతమూ అంటకూడదన్నది నాకూ నచ్చిన మాటే. కానీ ఆ వీడియో చూసినప్పుడల్లా నా కళ్లు ఎంపీగారి మీద కాక ఇంజనీరు మీద నిలిచేవి. ఇదే రాష్ట్రంలో మంత్రులు వచ్చిన ఎన్ని పనులకు కొబ్బరికాయ కొట్టలేదు? ఒకరొస్తే కాయ కొట్టాలి, ఇంకొకరొస్తే కొట్టకూడదు. ఏ రోజు ఏది ధర్మమో ఆయనకు ఎవరు చెప్పాలి?

మన తెలుగు గడ్డ మీదకే వద్దాం. 2017 ఫిబ్రవరిలో అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్, రాష్ట్రం వస్తే చెల్లిస్తానన్న మొక్కు అంటూ, తిరుమల శ్రీవారికి అయిదు కోట్ల పైచిలుకు విలువైన నగలు సమర్పించారు. మొక్కు ఆయనది, ఖర్చు ప్రభుత్వానిది. ఆ వేదిక ముందు నిలబడి, ఇదేమిటి సార్ అని అడగగల ఇంజనీరు ఎక్కడుంటాడు?

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. నిజం సంగతి దేవుడికే వదిలేద్దాం. ధర్మపురి జిల్లాలో తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టి, తమిళ బడిలో చదువుకుని, ఇక్కడే తల నెరిసిన నేను నేర్చుకున్నది ఆ సామెతలో మొదటి సగమే. నీతులూ పల్లమెరుగు. అందుకే ఎవరైనా మైకు పట్టుకుని ధర్మం గురించి మాట్లాడుతుంటే వాళ్ల నుదుటి మీద విభూతి ఉందా, ఒంటి మీద హేతువాదుల నల్లచొక్కా ఉందా అని చూడటం మానేశాను. ఆ మాట చివరికి ఎవరి నెత్తిన పడుతోందో చూస్తాను.

ఆలాపురం గొడవ జరిగి నెల తిరక్కముందే పాపారపట్టిలో ఇంకొకటి. స్వాతంత్ర్య యోధుడు సుబ్రహ్మణ్య శివ అక్కడ భారతమాతకు గుడి కట్టాలనుకున్నారు. 1923లో చిత్తరంజన్ దాస్ వచ్చి శంకుస్థాపన చేశారు. గుడి లేవకముందే, 1925లో, శివ ఆ ఊళ్లోనే కన్నుమూశారు. జైల్లో కుష్ఠు అంటుకుని బయటికొచ్చిన మనిషాయన. ఆ జబ్బుతో రైలెక్కకూడదని తెల్లదొరలు కట్టడి చేస్తే కాళ్లీడ్చుకుంటూ ఊళ్లు తిరిగారు. దేశభక్తి ఖరీదు ఆయన సొంత ఒంటితో కట్టారు. ఇప్పుడక్కడ ప్రభుత్వం కట్టించిన స్మారక మందిరం ఉంది. 2022 ఆగస్టులో స్వాతంత్ర్య అమృతోత్సవాల ఊరేగింపుగా వెళ్లిన బీజేపీ వాళ్లకు దానికి తాళం వేసి కనిపించింది. తాళం పగలగొట్టారన్న కేసులో మాజీ ఎంపీ కె.పి. రామలింగం అరెస్టయ్యారు. అలాంటి చోట తాళంచెవి ఏ చిన్న ఉద్యోగి చేతిలోనో ఉంటుంది. అటువాళ్లకూ ఇటువాళ్లకూ సంజాయిషీ చెప్పుకోవాల్సింది అతనే.

ఇవి చిన్న గొడవలు. పేపర్లో రెండు రోజులు వచ్చి పోతాయి. ఈ నేల మీద నీతి ఇంతకంటే బరువుగా పడిన చోట్లున్నాయి.

తమిళుల ఆడి నెల వస్తే మా ఊళ్లన్నీ అమ్మవారివే. తెల్లారకముందే మైకులో ఎల్.ఆర్. ఈశ్వరి గొంతు, వీధి పొడుగునా వేపమండల తోరణాలు, గుడి ముందు అండాల్లో రాగి అంబలి. నంజుకోవడానికి ఉల్లిపాయ, మునగాకు వేపుడు. మా వీధిలో ఒక పెద్దావిడ ఆ నెలంతా ఒంటిపూట భోజనంతో ఉండేది. ఓ ఆదివారం ఆవిడ అంబలి పోస్తుండగా ఆసుపత్రి నుంచి కబురొచ్చింది, కోడలు ప్రసవించిందని. గరిటె కింద పెట్టకుండానే "మళ్లా ఆడబిడ్డేనా?" అంది. వరసలో తరవాతి చెంబు ముందుకొచ్చింది. అంబలి పోసింది. ఆ బిడ్డ బతికింది, పెరిగింది, అది వేరే సంగతి.

అన్ని ఇళ్లలోనూ అలా జరగలేదు. 2001 జనాభా లెక్కల్లో ఇప్పటి ధర్మపురి జిల్లా హద్దుల్లో ఆరేళ్లలోపు పిల్లల్ని లెక్కేస్తే వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 826 మందే. కొందరిని స్కానింగ్ గదిలోనే తేల్చేశారు, కొందరికి పుట్టాక జిల్లేడు పాలు పట్టారు. వద్దనుకున్న బిడ్డను చంపొద్దు, ఊయలలో వదిలిపొమ్మంటూ జయలలిత ప్రభుత్వం 1992లో సేలంలో మొదలుపెట్టిన పథకాన్ని 2001లో ధర్మపురికీ తెచ్చింది. 2011 నాటికి ఆ 826 కాస్తా 913 అయింది. ఊయలది ఎంత పుణ్యమో, గట్టిపడిన లింగనిర్ధారణ నిషేధ చట్టానిది ఎంతో విడదీయడం కష్టం. నేను చూసినంతలో ఒకటి మాత్రం మారలేదు. బిడ్డ పోతే కేసు తల్లి మీద, కాకపోతే మంత్రసాని మీద. ఊయలలో వదిలితే, కన్నపేగు ఎలా ఒప్పిందమ్మా అన్న మాటా తల్లికే. పెళ్లిలో ఇన్ని సవర్ల బంగారం పెట్టాల్సిందేనని తేల్చిన పెద్దమనుషులు మాత్రం ద్రౌపదమ్మ గుడి ధర్మకర్తలుగా నిప్పులగుండం పక్కన ముందువరసలో కూర్చుంటారు.

ఇక గంధం సంగతి. పూజారి గారు చిటికెడు గంధం అరచేతిలో పెట్టినప్పుడల్లా నాకు వాచాతి గుర్తొస్తుంది. హరూర్ వైపు, సిత్తేరి కొండల కింద ఉన్న ఊరు. ఉండేది మలయాళి అనే గిరిజనులు, కేరళ వాళ్లు కారు. 1992 జూన్ 20న గంధపు దుంగలు దాచారంటూ అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది ఆ ఊరి మీద పడ్డారు. దొరికినవాళ్లను మర్రిచెట్టు కిందకు తోలి కొట్టారు. దుంగలెక్కడున్నాయో చూపించమని 18 మంది ఆడవాళ్లను చెరువు దగ్గరికి తీసుకెళ్లి అత్యాచారం చేశారు. వాళ్లలో బడికెళ్లే పిల్ల కూడా ఉంది. ఇళ్లు పడగొట్టారు, తాగే నీళ్ల బావిని పాడుచేశారు. తొంభై మంది ఆడవాళ్లను పిల్లలతో సహా సేలం జైలుకు పంపారు.

వచ్చినవాళ్ల నోట నీతి మాటే ఉంది. మేం అడవిని కాపాడుతున్నాం, వీళ్లు దొంగలు. ఆ మాట జనానికి ఎంత తేలిగ్గా ఎక్కిందో నాకు బాగా గుర్తు. టీకొట్ల దగ్గర, బస్సుల్లో, గంధపు బొట్టు పెట్టుకున్నవాళ్లే "వాళ్లు చెట్లు నరికారుగా" అనేవాళ్లు. కూలికి నరికినవాడు దొంగ. కొండ దిగిన దుంగ ఏ లారీ ఎక్కింది, ఏ షావుకారు గోదాములో దిగింది, ఏ చెక్‌పోస్టులో ఎవరు కళ్లు మూసుకున్నారు, ఈ ప్రశ్నలు ఎవరినీ మర్రిచెట్టు కింద కూర్చోబెట్టి అడగలేదు.

ప్రభుత్వం మొదట అసలేమీ జరగలేదంది. గిరిజన సంఘం, సీపీఎం పట్టు వదల్లేదు. ఆ పార్టీ నాయకుడు నల్లశివన్ కోర్టుకెళ్లారు. 1995లో కేసు సీబీఐకి వెళ్లింది. నిందితులు 269 మంది. 2011 సెప్టెంబర్ 29న ధర్మపురి కోర్టు తీర్పు చెప్పేసరికి వాళ్లలో 54 మంది చనిపోయారు, మిగిలిన 215 మందినీ దోషులన్నది. అందులో 17 మందిది అత్యాచార నేరం. ఒక్కరిని కూడా వదలని తీర్పు మన దేశంలో ఎన్నిసార్లు వింటాం? ఆ 18 మంది, దొంగల ముద్ర నెత్తిన మోస్తూనే, కోర్టు మెట్లెక్కి నిలబడి చెప్పిన సాక్ష్యం తెచ్చిన తీర్పు అది. ఏ పీఠాధిపతీ, ఏ హేతువాదీ ఇవ్వని ధర్మోపన్యాసం నేను విన్నది అక్కడే.

2023లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి వేల్మురుగన్ స్వయంగా వాచాతి వెళ్లి చూసి, సరిగ్గా పన్నెండేళ్లకు, మళ్లీ సెప్టెంబర్ 29నే ఆ శిక్షలను ఖరారు చేశారు. అసలు స్మగ్లర్లను, పెద్దతలలను కాపాడటానికే ఊరిని బలిచేశారని రాశారు. బాధితులకు తలా పది లక్షలు ఇవ్వాలని, అందులో సగం అత్యాచార దోషుల దగ్గరే వసూలు చేయాలని చెప్పారు. దాడి జరిగిన రోజు జిల్లాకు కలెక్టరుగా, ఎస్పీగా, జిల్లా అటవీ అధికారిగా ఉన్నవాళ్ల మీద చర్య తీసుకోవాలన్నది కూడా ఆ తీర్పులోదే. వేలు ఆ ముగ్గురి దాకా పైకెక్కడానికి 31 ఏళ్లు పట్టింది.