ఎల్ అంటే లేడీస్

గోల్ఫ్ కర్ర కాడ ఎంత వంగుతుందో చెప్పడానికి దానిమీద ఒక అక్షరం వేస్తారు. ఆర్ అంటే రెగ్యులర్, ఎస్ అంటే స్టిఫ్. అన్నిటికన్నా మెత్తటిదానికి ఎల్, అంటే లేడీస్. మొదటి రెండూ కర్ర గుణాలు, మూడోది మాత్రం మనిషి గుర్తు. నిజానికి మెత్తటి కాడ నెమ్మదిగా వూపేవాళ్ళకి మేలు, ఆడైనా మగైనా. కానీ ఈ లెక్కలో 'రెగ్యులర్' అంటే మగవాడే. 1754లో పుట్టిన సెయింట్ ఆండ్రూస్ క్లబ్బు స్త్రీలని చేర్చుకోవడానికి 2014లో గానీ ఒప్పుకోలేదు మరి.

మంగళగిరిలో మా అక్క కూతురికి పదిహేనేళ్ళు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచినప్పటినుంచీ దానికి ఈ ఆట పిచ్చి. ఎత్తులో వాళ్ళ నాన్నని దాటేసింది. హైదరాబాద్‌లో కర్రలు కొనబోతే దుకాణదారు దానివైపు ఒక్కసారి చూసి, గులాబీరంగు సంచీతో లేడీస్ సెట్టు తెచ్చిపెట్టాడు. అవి మగవాళ్ళ కర్రలకన్నా సుమారు అంగుళం పొట్టి. మణికట్టునుంచి నేలదాకా కొలవాలి, వూపించి వేగం చూడాలి. మా వూళ్ళో రవికె కుట్టే దర్జీ అయినా ముందు టేపు తీస్తాడు!

"నేనింకా కొట్టనేలేదుగా పిన్నీ, నా బలం ఆయనకెలా తెలిసింది?" అందది.

ఆటలో 14 కర్రలదాకా వాడొచ్చు గానీ కొత్తవాళ్ళకి అన్నీ అక్కర్లేదు. అడిగి కొలిపించుకుని, రకరకాలవి వూపి చూసి, రెగ్యులర్ కాడ వున్న ఏడో నంబరు ఐరన్, ఒక పట్టర్ తీసుకుంది. బిల్లుమీద ఆయన 'జెంట్స్' అని రాశాడు.