ముద్ర వేసే చెయ్యి

వీడియో గేమ్ కళేనా అని వాదన వచ్చినప్పుడు ఆటల తరఫున మాట్లాడేవాళ్ళు ముందుగా బొమ్మల అందం చూపిస్తారు. ఆ తర్వాత సంగీతం. 'జర్నీ' అనే ఆటకు ఆస్టిన్ వింటరీ చేసిన సంగీతం గ్రామీ నామినేషన్ దాకా వెళ్ళిందని చెబుతారు. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం 2012లో 14 ఆటల్ని తన సేకరణలో చేర్చుకుందని గుర్తుచేస్తారు. అన్నీ నిజాలే, కానీ నాకు వీటితో తృప్తి లేదు. బొమ్మ బాగుంటే ఆ గొప్ప చిత్రకళది, పాట బాగుంటే సంగీతానిది. ఇంకే కళకూ చేతకాని పని ఆట ఒక్కటే చేయగలిగిందా అన్నది అసలు ప్రశ్న. చేయగలిగిందని నేను గట్టిగా నమ్మడానికి కారణం 'పేపర్స్, ప్లీజ్'.

జపాన్‌లో ఉంటున్న లూకాస్ పోప్ అనే అమెరికన్ దాదాపు ఒంటిచేత్తో తయారుచేసి 2013లో విడుదల చేసిన ఆట ఇది. చూడ్డానికి ఏ హంగూ ఉండదు. మాసిపోయిన రంగులు, గరుకు బొమ్మలు. కాలం 1982. ఆర్‌స్టాట్జ్‌కా అనే కల్పిత దేశపు సరిహద్దు చౌకీలో మనం పాస్‌పోర్టులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. పేరు, ఫోటో, పుట్టిన తేదీ, గడువు అన్నీ సరిపోతే పచ్చ ముద్ర, ఏ ఒక్కటి తేడా వచ్చినా ఎర్ర ముద్ర. సరిగ్గా చూసి పంపిన మనిషికి 5 క్రెడిట్ల కూలి. ఇంట్లో భార్య, కొడుకు, అత్తగారు, బాబాయి. ఆ కూలి డబ్బులతోనే రాత్రికి అద్దె కట్టాలి, తిండి కొనాలి, చలి కాచుకోవాలి. జబ్బు చేస్తే మందు కూడా అందులోంచే.

కాన్సులేటు కిటికీ ముందు వీసా ఫైలు పట్టుకుని నిలబడ్డ మనిషి లేని తెలుగు బంధువర్గం ఇప్పుడు అరుదు. కిటికీకి ఇవతలి గుండెదడ మనకు బాగా తెలుసు. ఈ ఆట మనల్ని అవతల కూర్చోబెడుతుంది.

అక్కడి బల్ల ఇరుకు. పాస్‌పోర్టు, పర్మిట్, నిబంధనల పుస్తకం ఒకదాని మీద ఒకటి పడి, కావలసిన కాగితం ఎప్పుడూ అడుగునే ఉంటుంది. రోజురోజుకీ కొత్త నిబంధన వస్తుంది. పక్కన గడియారం నడుస్తూనే ఉంటుంది. కాసేపటికి ఎదుటి మనిషి ముఖం చూడ్డం మానేసి ఫోటోతో పోలిక మాత్రమే చూస్తుంటాం. క్రూరత్వం ఇలా కూడా పుడుతుందని ఎవరూ మనకు చెప్పరు, ఆ ఇరుకు బల్లే మన చేత చేయిస్తుంది.

కొన్ని రోజులకు ఒకాయన వస్తాడు. కాగితాలన్నీ సక్రమం. వెనకాలే నా భార్య వస్తోంది, కాస్త దయచూడండి అని చెప్పి వెళ్తాడు. ఆమె వస్తుంది. పర్మిట్ లేదు. వెనక్కి పంపితే చంపేస్తారంటుంది. రానిస్తే, ఆమె అటు వెళ్ళగానే యంత్రం టకటకమని తప్పు చీటీ ఉమ్ముతుంది. రోజులో మొదటి రెండు తప్పులకు హెచ్చరికతో సరి, మూడో దానినుంచి కూలిలో కోత. అంటే పొద్దున్నించి అజాగ్రత్తతో రెండు తప్పులు చేసేసి ఉంటే, ఈ తల్లి మీద దయ చూపడానికి నా కొడుకు అన్నంలోంచి తియ్యాలి. ఈ చిన్న లెక్క దగ్గర నేను ఆటకు దండం పెట్టాను. దయ మీద వ్యాసం రాయొచ్చు, పద్యం రాయొచ్చు, దానికి ధర కట్టి ఆ ధర నా చేత కట్టించడం ఇంకోచోట చూడలేదు.

సత్యహరిశ్చంద్ర నాటకంలో కాటిసీను మనవాళ్ళకు కొత్త కాదు. కొడుకు శవంతో వచ్చిన చంద్రమతిని కాటికాపరి సుంకం అడుగుతాడు. ఇక్కడా అదే ధర్మసంకటం: కొలువు ఒకవైపు, కళ్ళముందు ఆడమనిషి ఒకవైపు. నాటకంలో సుంకం అడిగేది హరిశ్చంద్రుడు, పందిరి కింద కూర్చుని కళ్ళు తుడుచుకునేది మనం. ఆటలో సుంకం అడగాల్సింది మనమే. నాటకం తక్కువదని కాదు, ఆ ఏడుపుకున్న శుద్ధి ఆటలో దొరకదు. కానీ పాపంలో వాటా మాత్రం ఆటలోనే దొరుకుతుంది.

గెలుపు ఉన్నది కళ ఎలా అవుతుందని సినీ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ 2010లో అడిగాడు. ఆటలు ఆడి చూడకుండా ఆ మాట అనకుండా ఉండాల్సిందని కొన్ని నెలలకే ఒప్పుకున్నాడు గానీ, ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. నిర్ణయాలు ఆడేవాడివైతే రచయితకు మిగిలేదేమిటన్నది కూడా ఆయన సందేహమే. మిగిలేది చాలా ఉంది. బల్ల ఎంత ఇరుకుండాలి, కూలి ఎంత, ఇంట్లో ఎందరు ఆకలితో ఉండాలి అన్నది పోప్ రాసిందే. ఇక గెలుపంటారా, ఈ ఆటకు 20 ముగింపులున్నాయి. కొలువు నిలబెట్టుకుని, ఇంటిల్లిపాదినీ బతికించుకుని, అడిగిన ప్రతివాణ్ణీ వెనక్కి పంపినవాడు గెలిచినట్టా?

ఈ ఆటనే 2018లో పొట్టి సినిమాగా తీశారు. ఇన్‌స్పెక్టరు పాత్రలో ఇగోర్ సావోచ్కిన్ బాగా చేశాడు. ఆ ముఖం చూస్తూ జాలిపడ్డాను, నా చెయ్యి మాత్రం ఖాళీగా ఉంది.

అంగట్లో దొరికే ఆటల్లో ఎక్కువభాగం డబ్బు గుంజడానికి చేసినవే, వాటికి కళ అన్న పేరు అక్కర్లేదు. మంచివాటికి కావలసింది విమర్శ. గ్రాఫిక్స్ బాగున్నాయా, ఎన్ని గంటలు ఆడొచ్చు అని రాస్తే అది సరుకు పరిచయమే అవుతుంది. హెచ్చరికతో పోయే తప్పులు ఒకటీ కాక మూడూ కాక రెండే ఎందుకయ్యాయి, ఆమె వచ్చేది మొదటి రోజు కాకుండా మన చెయ్యి అలవాటుపడ్డాకే ఎందుకు అని అడిగే విమర్శ తెలుగులో ఎవరైనా రాస్తే చదవాలని ఉంది.