ఊరి పేరున్న జెర్సీ

మన దేశంలో ఫుట్‌బాల్ లీగ్ ఊళ్ళు మారే తీరు చూస్తే, మా ఆఫీసులో సర్వర్ మార్చడమే పెద్ద పని అనిపిస్తుంది. మేము కనీసం యూజర్లకి ముందుగా ఒక మెయిల్ పెడతాం. 2019లో ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే ఆ చోటు హైదరాబాద్ ఎఫ్‌సీకి వచ్చింది. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్ళి ఒడిశా ఎఫ్‌సీ అయింది. 2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీ వెళ్ళి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. కుర్చీలాట.

ఇండియన్ సూపర్ లీగ్ 2014లో ఎనిమిది జట్లతో మొదలైంది. అందులో హైదరాబాద్ లేదు. 2017లో కొత్త జట్ల కోసం బిడ్లు పిలిచిన పది ఊళ్ళలో మన పేరుంది కానీ, చోటు దొరికింది బెంగళూరు, జంషెడ్‌పూర్‌లకి. ఊరిని ఎంచుకోవడమంటే ప్రధానంగా రెండు చూడటం: డబ్బు పెట్టే కంపెనీ, లైట్లున్న స్టేడియం. ఆ ఊరికి ఫుట్‌బాల్‌తో ఉన్న బంధం ఆ లెక్కలో ఎక్కడ రాస్తారు?

రాయాలంటే మనకి చాలా ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా ఉన్న హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారం, రెండూ రహీం సాబ్ శిక్షణలోనే. అప్పుడు హైదరాబాద్‌ని ఎవరూ టెండర్ వేసి ఎంచుకోలేదు. పోలీసు శాఖ ఆటగాళ్ళకి ఉద్యోగాలిచ్చింది, బస్తీలు ఆటగాళ్ళనిచ్చాయి. అబిడ్స్ నుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలో ఫతే మైదాన్ ఉంది. అదే ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియం. ఈమధ్య అది ఎక్కువమందికి గుర్తొచ్చేది 2023 డిసెంబర్‌లో రేవంత్ రెడ్డి ప్రమాణ స్వీకారం జరిగిన చోటుగా.

2019లో వచ్చిన జట్టుకి ఇల్లు గచ్చిబౌలి. నేనుండేది నాంపల్లి, ఉద్యోగం గచ్చిబౌలి వైపు. కాబట్టి నాకు మ్యాచ్ అంటే ఆఫీసు నుంచి ఇంకో రెండు గంటలు ఆలస్యంగా బయల్దేరడమే. మా వీధిలో సాయంత్రాలు బంతి తన్నే పిల్లలకి అలా కాదు. అమీర్‌పేటలో మెట్రో మారాలి, రాయదుర్గంలో దిగి ఆటో పట్టాలి, రాత్రి మళ్ళీ అలాగే తిరిగి రావాలి. టికెట్ కంటే దారి ఖర్చే ఎక్కువ. లీగ్ ఎంచుకున్నది హైదరాబాద్‌నే గానీ, ఈ పిల్లలుండే హైదరాబాద్‌ని కాదు.

ఇంకో విచిత్రం. 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు, కప్పు మనది. కానీ కోవిడ్ వల్ల ఆ సీజన్, దాని ముందు సీజన్ మొత్తం గోవాలోనే జరిగాయి. సొంతూళ్ళో ఒక్క మ్యాచ్ ఆడకుండా ఛాంపియన్ అయ్యాం. తర్వాత డబ్బు కష్టాలు మొదలయ్యాయి. 2023-24లో 22 మ్యాచుల్లో ఒక్కటే గెలుపు.

వైజాగ్ కథ ఇంకా చిన్నది. 2020లో ఐ-లీగ్‌లో కొత్త చోటు విశాఖపట్నం పేరు మీద శ్రీనిధికి ఇచ్చారు. ఆ జట్టు శ్రీనిధి దక్కన్‌గా హైదరాబాద్ శివార్లలో, అజీజ్ నగర్ మైదానంలో ఆడుతూ వచ్చింది. వైజాగ్ ఎంపికైంది, ఆట మాత్రం అక్కడికి చేరలేదు.

అయితే అదే శ్రీనిధి 2023లో, 2024లో వరసగా రెండో స్థానంలో నిలిచింది. ఆ రెండేళ్ళూ మొదట నిలిచిన పంజాబ్, మొహమ్మదన్ పై లీగ్‌కి వెళ్ళాయి. నాకు నచ్చే దారి ఇది. గెలిచి పైకొచ్చే జట్టుని ఎవరూ ఎంచుకోనక్కర్లేదు. బిడ్లే పిలవాలంటే మాత్రం, ఏ ఊరు అని అడిగి ఊరుకోకూడదు. ఆ ఊళ్ళో ఏ మూల? ఎవరు రాగలరు? యజమాని చేతులెత్తేస్తే పేరు ఎవరిది? జర్మనీలో చాలా క్లబ్బుల్లో సగానికి పైగా ఓట్లు సభ్యుల చేతిలోనే ఉంటాయి. అక్కడ క్లబ్బుని ఊరు దాటించాలంటే ముందు ఆ సభ్యుల్ని ఒప్పించాలి. మనల్ని ఎవరూ అడగలేదు.

పసుపు జెర్సీ ఇంకా నా బీరువాలో ఉంది. మొన్న మా వీధి పిల్లాడొకడు చూసి అడిగాడు: "అన్నా, ఈ టీమ్ ఎక్కడ ఆడతది?"