ఊసరవెల్లి కన్ను

మాట నిలుకడలేని వానిని ఊసరవెల్లి యని నిందించుట మనలో వాడుక. దాని రంగు లోకమున కెక్కినది గాని, దాని కన్నుల సంగతి తలచువారు తక్కువ. పైగా అది కనబడినంతనే రాళ్లు చేతబట్టు బాలురను మేము పలుమారు చూచితిమి. దానికి విషమున్నదను భయమే ఇందులకు కారణము. అది నిజము కాదు. దానికి విషము లేదు. పురుగులను తిని బ్రదుకు సాధుప్రాణి. మన దేశమున దీని జాతి ఒక్కటే కలదు.

దాని రెప్పలు రెండును ఒకటిగా కలిసి, కనుగ్రుడ్డును గోపురమువలె కప్పి, కొనయందు సన్నని రంధ్రమును మాత్రమే విడుచును. ఆ గోపురము కంటితోకూడ తిరుగును. ఒక కన్ను ముందునకు చూచుచుండగా రెండవది వెనుకకు చూడగలదు. ఇంతగా తిరుగు కంటికి తగినట్లు, దృష్టినాడి లోపల చుట్టలు చుట్టుకొని యున్నదని 2025లో ప్రకటింపబడినది.

ఒకనాడు తుమ్మకొమ్మపై నున్న ఊసరవెల్లిని మా విద్యార్థులకు దూరమునుండి చూపితిమి. మిడుత కనబడగానే చెరియొక వైపు తిరుగుచున్న కన్నులు రెండును దానివైపే నిలిచినవి. మరుక్షణమున నాలుక సాగి మిడుతను పట్టినది. “దూరము దానికెట్లు తెలిసె నయ్యా?” యని ఒక బాలుడడిగెను.

ప్రశ్న మంచిది. మనము దగ్గరి వస్తువుల దూరమును ముఖ్యముగా రెండు కన్నుల చూపులలోని భేదమువలన గ్రహింతుము. ఊసరవెల్లియో, బొమ్మ స్పష్టమగునట్లు కంటి కటకమును సవరించుకొనుచు, ఆ సవరింపువలననే దూరమును కొలుచును. 1977లో హార్క్‌నెస్ అను పరిశోధకులు దాని కన్నులయెదుట కటకములుంచగా నాలుక గురి తప్పెను. మన కంటిలోని కటకము కిరణములను కూర్చును. దీనిది విడదీయునని 1995లో ఆట్, షాఫెల్ అనువారు తెలిపిరి. కంటి ముందరి పారదర్శకపు పొర కిరణములను కూర్చుచుండ, లోని కటకము వాని నెడము చేయుటచే, దుర్భిణియందువలె బొమ్మ పెద్దదై వెనుక తెరపై పడును.

తల్లిదండ్రులారా, మీ దొడ్డిలో ఈ ప్రాణి కనబడి, పిల్లలు రాయెత్తినప్పుడు, కొంతసేపు దాని కన్నులను చూడుడని చెప్పవలెనని మా ప్రార్థన. సృష్టికర్త ఇంత శ్రద్ధతో అమర్చిన కంటిని ఒక్క రాతితో ఆర్పుట మనకు తగదు.