నాన్నకు అందని ఉత్తరం

రచయిత కాఫ్కా తన నాన్నకు రాసిన ఉత్తరం మళ్లీ చదివాను. 1919లో, 36 ఏళ్ల వయసులో రాశాడు. చేతిరాతలో నూరు పేజీలు దాటింది. ప్రాగ్‌లో దుకాణం పెట్టి కష్టపడి పైకొచ్చిన తండ్రి హెర్మన్‌కు కొడుకు రాతలు పట్టేవి కావు. కొత్త పుస్తకం తెచ్చిస్తే మంచం పక్కన పెట్టమనేవాడట. ఆ కొడుకు ఎంత నొచ్చుకుని ఉంటాడో! మతం దగ్గరా అదే బాధ: ఏడాదికి నాలుగు రోజులు సినగాగ్‌కు వెళ్లిరావడం తప్ప యూదుతనం అంటూ నాన్న తనకిచ్చిందేమీ లేదని.

ఉత్తరం అమ్మ చేతికిస్తే, ఆమె భర్తకివ్వకుండా తిరిగిచ్చేసిందని స్నేహితుడు మాక్స్ బ్రోడ్ రాశాడు. ఇంట్లో గొడవెందుకని అనుకుందేమో. అయినా ఆ తల్లి మీద నాకు కోపమే. హెర్మన్ చదివి కేకలేసినా బాగుండేది, ఆ కొడుక్కి ఒక జవాబైనా దక్కేది.