కంప్యూటర్‌కి గొంతిచ్చిన ఊరు

సింగపూర్ వాటర్లూ స్ట్రీట్‌లో రెండు గుళ్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి చైనావాళ్లు కొలిచే క్వాన్ ఇమ్ అమ్మవారిది. రెండోది శ్రీకృష్ణుడి కోవెల. అమ్మవారికి దండం పెట్టుకుని వచ్చిన చైనా భక్తులు, పనిలో పనిగా కృష్ణయ్య ముందు కూడా నాలుగు అగరొత్తులు వెలిగించి వెళ్తుంటారు. అక్కడ ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నిలబడితే చాలు... ఓ పక్క గుడి గంట. మరో పక్క జోస్యం కోసం వెదురు గొట్టంలో పుల్లల్ని ఆడిస్తుంటే గలగలమనే చప్పుడు. వెనకనుంచి పూలమ్మేవాళ్ల మాటలు. కళ్లు తెరవకుండానే ఏది ఎటువైపో చెప్పేయొచ్చు.

రెండు చెవులున్నందుకు లాభం అదే! కుడివైపు పుట్టిన శబ్దం ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా, కాస్త మెల్లగా చేరుతుంది. ఆ ఆలస్యం సెకనులో వెయ్యోవంతు కూడా ఉండదు. అయినా మెదడు పట్టేస్తుంది. కంప్యూటర్‌లో తుపాకీ పట్టుకుని ఆడే ఆటల్లో చాలాసార్లు గెలుపోటములు తేలేది ఇక్కడే. గోడ వెనకున్న శత్రువు కనపడడు. అడుగుల చప్పుడు మాత్రం వినపడుతుంది. అది ఎటునుంచి వస్తోందో ముందుగా పసిగట్టినవాడిదే పైచేయి.

ఆ చప్పుడును చెవిదాకా చేర్చే సౌండ్ కార్డుకి ప్రపంచమంతా పేరు తెచ్చిన ఊరు కూడా సింగపూరే. ఆ గుళ్ల దగ్గర్నుంచి అయిదారు నిమిషాలు నడిస్తే ‘సిమ్ లిమ్ స్క్వేర్’ వస్తుంది. 1987లో తెరిచిన ఆరంతస్తుల ఎలక్ట్రానిక్స్ అంగడి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు ఏరుకుని కంప్యూటర్ కట్టించుకున్నవాళ్లకి ఇక్కడ అడుగుపెట్టగానే పాత చుట్టాన్ని చూసినట్టుంటుంది.

మౌతార్గాన్ కుర్రాడు

అసలు కథ మొదలైంది ఇక్కడ కాదు, ఊరికి అటువైపున్న చైనాటౌన్‌లో. పెర్ల్స్ సెంటర్ అనే భవనంలో 1981లో సిమ్ వాంగ్ హూ అనే కుర్రాడు చిన్ననాటి స్నేహితుడు ఎన్గ్ కాయ్ వాతో కలిసి కంప్యూటర్లు బాగుచేసే కొట్టు పెట్టాడు. పేరు క్రియేటివ్ టెక్నాలజీ. సిమ్‌కి మౌతార్గాన్ వాయించడమంటే ప్రాణం. అందుకేనేమో, కంప్యూటర్‌తో కూడా పాడించాలని పట్టుపట్టాడు. చైనా భాష తెలిసిన, శబ్దాలు చేయగలిగిన కంప్యూటర్‌ని 1986లో తయారుచేస్తే కొనేవాళ్లు దొరకలేదు. అయినా ఆశ వదలకుండా 1988లో అమెరికా వెళ్లాడు.

అప్పట్లో పీసీలకి ఉన్నదల్లా లోపల అణా కాసంత స్పీకరు. కీచుమనడం తప్ప దానికి ఇంకేమీ రాదు. కెనడాకి చెందిన యాడ్‌లిబ్ కార్డు 1987లో వచ్చి సంగీతం వినిపించింది. కానీ దానికి మాట రాదు. 1989లో క్రియేటివ్ తెచ్చిన ‘సౌండ్ బ్లాస్టర్’ యాడ్‌లిబ్ పాటలన్నీ పాడింది. పైగా రికార్డు చేసిన గొంతునూ, పేలుళ్లనూ వినిపించింది. జాయ్‌స్టిక్ తగిలించుకోవడానికి చోటు కూడా ఆ కార్డులోనే ఇచ్చింది. ఇంకేముంది! ఆటలు చేసేవాళ్లంతా దానికి తగ్గట్టే చేయడం మొదలెట్టారు. 1992లో యాడ్‌లిబ్ దివాలా తీసింది. అదే ఏడాది క్రియేటివ్ అమెరికాలోని నాస్‌డాక్‌లో అడుగుపెట్టింది. అక్కడ నమోదైన తొలి సింగపూర్ కంపెనీ అదే. ఇప్పటిదాకా 40 కోట్లకు పైగా సౌండ్ బ్లాస్టర్లు అమ్మామన్నది ఆ కంపెనీ లెక్క.

పీత బొమ్మ దెబ్బ

మరి అంత వైభవం ఏమైంది? సిమ్ లిమ్ పై అంతస్తుల్లోని ఏ కంప్యూటర్ దుకాణంలోనైనా అద్దాల బీరువా చూస్తే సగం జవాబు దొరుకుతుంది. గ్రాఫిక్స్ కార్డులు వరసలుగా మెరుస్తుంటాయి. సౌండ్ కార్డుని మాత్రం వెతుక్కోవాలి.

ఇంటెల్ 1997లో ఒక పద్ధతి తెచ్చింది. దాంతో చవకైన చిన్న చిప్పుని మదర్‌బోర్డు మీదే అతికించి శబ్దం పుట్టించడం తేలికైపోయింది. తైవాన్ కంపెనీ రియల్‌టెక్ ఆ చిప్పుల్ని కుప్పలుతెప్పలుగా చేసింది. దాని గుర్తు పీత బొమ్మ! ‘ఉచితంగా వస్తున్నదాన్ని వదిలి డబ్బులు పోసి కొనడమెందుకు’ అనుకున్నారు జనం. రెండో దెబ్బ 2007లో వచ్చిన విండోస్ విస్టా. అంతకుముందు ఆటలు తమ శబ్దాన్ని నేరుగా కార్డుకి అప్పజెప్పేవి. గుహలో ఆడితే గుహలా, హాల్లో ఆడితే హాల్లా మార్మోగించే ‘ఈఏఎక్స్’ విద్య అలా నడిచిందే. విస్టా ఆ దారి మూసేసింది. అప్పట్నుంచి ఆ లెక్కలన్నీ కంప్యూటర్ ప్రాసెసరే చేసుకుంటోంది. అంటే కార్డు చేసే పనిలో పెద్ద భాగం చేజారిపోయినట్టే.

కొనాలా... వద్దా?

ఇంతదూరం వచ్చాక అసలు ప్రశ్న ఇది. ఇంట్లో పిల్లాడు ‘నాన్నా, గేమింగ్‌కి సౌండ్ కార్డు తే’ అని చీటీ రాసిస్తే ఏం చేయాలి? నిజం చెప్పాలంటే, చాలామందికి అవసరం లేదు. బేరానికి ముందు నాలుగు సంగతులు సరిచూసుకోవాలి.

మొదటిది, హెడ్‌సెట్ తీగ ఎక్కడ తగిలిస్తున్నారు? యూఎస్‌బీకైతే ఆలోచనే అక్కర్లేదు. అలాంటి హెడ్‌సెట్‌లో దాని సొంత సౌండ్ చిప్పు ఉంటుంది. ఎంత ఖరీదైన కార్డు కొన్నా, శబ్దం ఆ కార్డు గుమ్మం తొక్కదు! గుండ్రటి పిన్ను ఉన్న హెడ్‌ఫోన్‌కే కార్డుతో పని.

రెండోది, చెవిలో గుయ్యిమనే రొద వస్తోందా? మౌస్ కదిపినప్పుడో, ఆట జోరందుకున్నప్పుడో సన్నటి కూత వినపడుతుంటే మదర్‌బోర్డు మీది విద్యుత్ అలజడి శబ్దంలో కలుస్తోందన్నమాట. ముందుగా పిన్నుని డబ్బా ముందువైపు నుంచి తీసి వెనకవైపు పెట్టి చూడాలి. చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది. తీరకపోతే డబ్బా బయట ఉండే యూఎస్‌బీ సౌండ్ కార్డు మేలు. 2018లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ జీ6 లాంటివి ఆ కోవలోవే. లోపలి రొదకి దూరంగా ఉంటాయి. ల్యాప్‌టాప్‌కీ పనికొస్తాయి.

మూడోది, హెడ్‌ఫోన్ ఎంత బరువైనది? తూకంలో కాదు, ఓమ్‌లలో. మామూలు గేమింగ్ హెడ్‌సెట్లు 16 నుంచి 32 ఓమ్‌లవి. మదర్‌బోర్డే వాటిని సునాయాసంగా మోగిస్తుంది. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో లాంటివి 250 ఓమ్‌లలో దొరుకుతాయి. వాటికి గట్టిగా నెట్టే యాంప్లిఫయర్ కావాలి. అది ఉన్న కార్డుకి పెట్టిన డబ్బు వృథా పోదు.

నాలుగోది, కార్డు పెట్టడానికి చోటుందా? 2017 నాటి సౌండ్ బ్లాస్టర్ ఏఈ-5 లాంటి లోపలి కార్డులకి పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు కావాలి. ఇప్పటి గ్రాఫిక్స్ కార్డులు లావుగా ఉండి పక్క స్లాటుని కప్పేస్తున్నాయి. కొనేముందు మూత తీసి ఫొటో తెచ్చుకుంటే మంచిది. సెకండ్‌హ్యాండ్‌లో చవకగా కనిపించే పాత పీసీఐ కార్డులు కొత్త బోర్డుల్లో దూరనే దూరవు. పాత ఆటల కోసం పాత కంప్యూటర్‌ని సాకుతున్నవాళ్లకే అవి బంగారం.

ఇక అట్టపెట్టె మీద ఊరించే 7.1 సరౌండ్ మాటకొస్తే... హెడ్‌ఫోన్‌లో మోగేది చివరికి రెండు చెవులకే. చెవుల మధ్య తేడాని లెక్కగట్టే పని ఇప్పుడు చాలా ఆటలు సొంతంగానే చేస్తున్నాయి. ఆటలోనూ, కార్డులోనూ రెండుచోట్లా సరౌండ్ పెడితే దిక్కులు కలగాపులగమైపోతాయి. ఏదో ఒకటే ఉంచుకోవాలి. ఆ రొద, ఆ ఓమ్‌ల బెడద లేనివాళ్లు సౌండ్ కార్డుకి దాచిన డబ్బుతో ఇంకాస్త మంచి హెడ్‌ఫోన్ కొనుక్కుంటే అడుగుల చప్పుడు అంతకన్నా బాగా వినపడుతుంది.

అంకుల్, కొంచెం వినిపిస్తారా?

సింగపూర్‌లో పెద్దవయసు దుకాణదారుని ఎవరైనా ‘అంకుల్’ అనే పిలుస్తారు. సిమ్ లిమ్ పై అంతస్తుల్లో ఏళ్ల తరబడి కంప్యూటర్లు బిగిస్తున్న అంకుల్స్ ఉన్నారు. ఏం హెడ్‌ఫోన్, ఏం మదర్‌బోర్డు అని అడిగాకే ధర చెప్పే దుకాణాన్ని నమ్మొచ్చు. అడక్కుండానే ఖరీదైనది చేతిలో పెడితే పక్క దుకాణం చూసుకోవడమే. సొంత హెడ్‌ఫోన్ వెంట తీసుకెళ్లి వినిపించమని అడగడం ఇంకా మంచిది. చెవికి తేడా తెలియకపోతే జేబుకి చిల్లు పెట్టుకోవడమెందుకు?

ఈ భవనానికి చెడ్డపేరూ ఉంది. 2014లో ఓ ఫోన్ల దుకాణంలో మోసపోయిన వియత్నాం పర్యాటకుడు డబ్బు తిరిగివ్వమని మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చిన వీడియో ఊరినంతా కుదిపేసింది. ఆ దుకాణదారుకి మరుసటి ఏడాది జైలుశిక్ష పడింది. అందుకే మొత్తం ధర రాయించుకున్నాకే కార్డు గీకాలి. వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో బిల్లు మీద రాయించుకోవాలి.

ఒకప్పుడు ఇక్కడ ప్రతి దుకాణమూ ధరల పట్టీ అచ్చువేసి చేతిలో పెట్టేది. కుర్రాళ్లు ఆ కాగితాలు గుత్తగా పట్టుకుని అంతస్తులన్నీ ఎక్కిదిగేవారు. తర్వాత కొనుగోళ్లు ఇంటర్నెట్‌కి మళ్లాయి. 2019లో యజమానులు భవనాన్నే 125 కోట్ల సింగపూర్ డాలర్లకి అమ్మజూపారు. బేరం కుదరలేదు. చైనాటౌన్‌లోని పెర్ల్స్ సెంటర్‌ది అంతకన్నా కష్టం. కొత్త మెట్రో మార్గం కోసం ప్రభుత్వం దాన్ని సేకరించి నేలమట్టం చేసింది. అక్కడ కొట్టు పెట్టిన సిమ్ వాంగ్ హూ 2023 జనవరిలో కన్నుమూశారు.

ఆయన మొదలెట్టిన కొట్టు లేదు. ఆయన కార్డు చాలామందికి అక్కర్లేదు కూడా. కానీ కంప్యూటర్ కొన్నవాళ్లెవరూ ఇప్పుడు ‘దీనికి మాట వస్తుందా’ అని అడగరు. అడగాల్సిన పని లేకుండా చేసింది ఆ మౌతార్గాన్ కుర్రాడే మరి!

ఎలా వెళ్లాలి?

హైదరాబాద్ నుంచి సింగపూర్‌కి నేరుగా విమానాలున్నాయి. ప్రయాణం సుమారు నాలుగున్నర గంటలు. చాంగీ విమానాశ్రయంలో మెట్రో ఎక్కి, ఎక్స్‌పో స్టేషన్‌లో డౌన్‌టౌన్ లైన్‌కి మారి, రోచోర్‌లో దిగితే సిమ్ లిమ్ స్క్వేర్ పక్కనే ఉంటుంది. లిటిల్ ఇండియాలో బస చేసినవాళ్లు నడిచే వెళ్లొచ్చు. చాలా దుకాణాలు పొద్దున పదకొండు దాటితేగానీ తెరవరు. పథకంలో చేరిన దుకాణంలో కనీసం 100 సింగపూర్ డాలర్ల సరుకు కొన్న పర్యాటకులు, అక్కడి జీఎస్టీని తిరుగు ప్రయాణంలో చాంగీలో వాపసు కోరవచ్చు. కొనేటప్పుడు పాస్‌పోర్టు దగ్గరుండాలి.